ఉద్యోగినియైన తల్లికి తగిన పంపు



ప్రసూతి సెలవు ముగిసి తిరిగి ఉద్యోగమునకు పోవలసిన దినము దగ్గరపడుచుండగా చంటిబిడ్డ తల్లి మనస్సును కలచు ప్రశ్నలలో మొదటిది బిడ్డను ఎవరు చూచుకొందురనునది, రెండవది బిడ్డ పాలమాట ఏమిటనునది. మొదటి ప్రశ్నకు అత్తగారో, అమ్మగారో, వారు లేనిచోట జీతము పుచ్చుకొను ఆయమ్మయో సమాధానముగా నిలువవచ్చును. రెండవదానికి మాత్రము తల్లి తప్ప వేరొకరు సమాధానము కాజాలరు. పగలు ఎనిమిది తొమ్మిది గంటలు తాను ఇంట లేకపోయినను తన పాలు ఇంట ఉండవలెనన్నచో వాటిని పిండి, చెడకుండ దాచి, వేళకు బిడ్డకు పట్టించు ఏర్పాటు కావలెను. ఆ ఏర్పాటులో ఒక భాగమైన బ్రెస్ట్ పంపును గూర్చి, అందునను మితమైన జీతముతో సంసారము నడుపుకొను తల్లి దానిని ఎట్లు ఎంచుకొనవలెననుటను గూర్చి ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని.

మన దేశమున 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టము మొదట 12 వారముల సెలవు మాత్రమే ఇచ్చెడిది. 2017 నాటి సవరణ మొదటి ఇద్దరు బిడ్డల వరకు దానిని 26 వారములకు పెంచినది. అయితే ఆ 26 వారములలో 8 వారముల వరకు ప్రసవమునకు ముందే వాడుకొనవచ్చును గనుక, అట్లు వాడుకొనిన తల్లి పనిలో చేరునాటికి బిడ్డకు నాలుగు నెలలు నిండి కొద్దిదినములే అగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పునదేమనగా, మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీరైనను అక్కరలేదు. పిమ్మట ఇతరాహారముతోపాటు రెండేండ్లును, ఆపైనను తల్లిపాలు సాగవలెను. కావున పూర్తి సెలవు దొరకిన తల్లికి సైతము ఒక వెలితి మిగులుచునే యున్నది. ఇక బట్టల దుకాణములలో ప్రొద్దుటినుండి రాత్రివరకు నిలువుకాళ్లమీద అమ్మకము చేయు యువతులు, చిన్న ప్రైవేటు బడులలో పాఠములు చెప్పు పంతులమ్మలు, నర్సింగుహోములలోని నర్సులు, వీరిలో ఎందరో రెండు మూడు నెలలకే పనికి మరలుచున్నారు. నేను ప్రధానముగా వీరినే దృష్టియందుంచుకొని మాటాడుచున్నాను. ధరను లెక్కింపనక్కరలేని వారికి సలహా చెప్పువారు పెక్కుమంది యుందురు. వెయ్యి రూపాయలు తీయుటకు ముందు నాలుగుమార్లు ఆలోచించుకొనవలసిన తల్లికి చెప్పువారు అరుదు.

పంపును ఎంచుటకు ముందు పాలు ఎట్లు వచ్చునో కొంత తెలిసియుండుట మేలు. బిడ్డ చనుమొనను నోటనుంచుకొని చీకినంతనే ఆ స్పర్శ నాడుల ద్వారా మెదడునకు చేరి, అచటి పీయూషగ్రంథినుండి రెండు హార్మోనులు రక్తములోనికి వెలువడును. వానిలో ప్రొలాక్టిన్ అనునది పాలను తయారుచేయించును. ఆక్సిటోసిన్ అనునది పాలకోశములను చుట్టియున్న సన్నని కండరములను బిగించి పాలను వెలుపలికి త్రోయును. దూడ మూతి తగిలినంతనే ఆవు చేపునట్లు తల్లియు చేపుట దీనివలననే. ఈ చేపు మనస్సునకు మిక్కిలి లోబడినది. తొందర, భయము, సిగ్గు, నొప్పి, వీనిలో ఏది కలిగినను వెనుకంజవేయును. బిడ్డ ఏడుపు చెవినిబడినను, బిడ్డ ఫోటో చూచినను, బిడ్డ కట్టువిడిచిన చొక్కా వాసన సోకినను ముందుకు వచ్చును. ఇంకొక సంగతి దీనికంటెను ముఖ్యమైనది. చన్నులలో పాలు నిండి, తీయబడక, గంటలతరబడి నిలిచిపోయినచో శరీరము పాలు తయారుచేయుట తగ్గించుకొనును. ఉద్యోగములో చేరిన కొలది వారములకే ‘నాకు పాలు ఇంకిపోయినవమ్మా’ అని కంటనీరు పెట్టుకొను తల్లులలో పెక్కుమందికి జరుగునది ఇదియే. వారి శరీరమున లోపమేమియు లేదు, పగటివేళ పాలు తీయుటకు వారికి వీలు చిక్కకపోవుటయే లోపము. అట్లు నిలిచిన పాలవలన చన్నులు గట్టిపడి, ఎఱ్ఱబారి, చలిజ్వరము వచ్చుటయు కద్దు. అట్టి జ్వరము వచ్చినప్పుడు ఆలసింపక వైద్యునికి చూపవలెను, పాలిచ్చుట మాత్రము మానరాదు.

ఇంత చెప్పియు నేను మొదట చెప్పునది పంపు కొనుమని కాదు, చేతితో పిండుట నేర్చుకొనుమని. చేతులు సబ్బుతో కడుగుకొని, గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డను కొంతసేపు చన్నుపై వేసియుంచి, మృదువుగా నిమిరి, బొటనవ్రేలిని పైభాగమునను, చూపుడువ్రేలిని నడిమివ్రేలిని క్రిందిభాగమునను, చనుమొనకు ఇంచుమించు మూడు సెంటీమీటర్ల వెనుకగా ఉంచవలెను. తొలుత వ్రేళ్లను రొమ్ముయెముకవైపు అదిమి, తరువాత ఒకదానివైపొకటి నొక్కి, విడువవలెను. అదుముట, నొక్కుట, విడుచుట, ఇంతే. చర్మముపై వ్రేళ్లు జారరాదు, చనుమొనను లాగరాదు. మొదటి నిమిషమున ఏమియు రాకపోవచ్చును. ధార ఆరంభమైన పిమ్మట వ్రేళ్లను చుట్టును త్రిప్పుచు అన్నివైపులనుండి తీయవలెను. కాన్పైన ఆసుపత్రిలోని నర్సునో, మీ ఊరి ఏఎన్‌ఎమ్మునో, ఆశా కార్యకర్తనో అడిగినచో ఎదుట కూర్చుండి చూపింతురు. ఈ విద్యకు ఖర్చు లేదు, కరెంటు అక్కరలేదు. కాన్పైన తొలి దినములలో చిక్కగా, చుక్కలు చుక్కలుగా వచ్చు ముర్రుపాలను తీయుటకు ఏ పంపుకంటెను చేయియే సమర్థము. ఆ కొద్దిపాలు పంపు గోడలకే అంటుకొనిపోవును. ఎంత ఖరీదైన పంపు కొనిన తల్లియైనను, ఆఫీసులో అది మొరాయించిన దినమున ఈ విద్యయే ఆమెను ఆదుకొనును. కావున దీనిని పేదవారి ప్రత్యామ్నాయముగా భావింపవద్దని నా మనవి.

పంపు కావలెనని నిశ్చయించుకొనిన తల్లి వేసికొనవలసిన లెక్క ఒకటున్నది. ఒకటవ నెలనుండి ఆరవ నెలవరకు తల్లిపాలమీదనే పెరుగు బిడ్డ దినమునకు సగటున 750 మిల్లీలీటర్లు త్రాగును. ఒక బిడ్డ కొంత తక్కువ, మరొక బిడ్డ కొంత ఎక్కువ. అనగా గంటకు ముప్పది మిల్లీలీటర్లు. తల్లి తొమ్మిది గంటలు ఇంట లేనిచో కావలసినది 270, చేతిలో కొంత మిగులుండుటకు 300 అనుకొందము. ఒకసారి కూర్చుండి పిండినచో అరువదినుండి నూటయిరువదివరకు వచ్చుట సాధారణము. సీసాలో ఎనుబది మిల్లీలీటర్లు చూచి, అయ్యో ఇంతేనా అని క్రుంగిపోనవసరము లేదని దీనివలన తెలియుచున్నది. బయలుదేరుటకు ముందు ఒకమారు, ఇల్లు చేరినంతనే ఒకమారు బిడ్డకు చన్నిచ్చి, నడుమ మూడేసి గంటలకొకసారి పిండుకొనుచు వచ్చినచో లెక్క సరిపోవును.

ఈ లెక్కనుబట్టియే పంపు రకము నిర్ణయమగును. ఒంటిపూట బడి పంతులమ్మ నాలుగైదు గంటలే ఇంటికి దూరముగా నుండును. ఆమె ఒకమారు పిండిన చాలును, చేయియో చేతిపంపో ఆమెకు ధారాళముగా సరిపోవును. పొద్దస్తమానము పనిచేయు ఆమె విషయము వేరు. చేతిపంపుతో ఒక్కొక్క వైపు పదునైదు నిమిషములు, రెండు వైపులకు అరగంట పట్టును. రెండు వైపులను ఒకేసారి తీయు కరెంటు పంపుతో పదునైదు నిమిషములలో ముగియును. ఆమెకు దొరకు విరామమే ఇరువది నిమిషములైనచో, చవకయని కొనిన చేతిపంపు సగము పాలను చన్నులోనే మిగిల్చి, నెలతిరుగునప్పటికి పాలను తగ్గించును. అప్పుడు డబ్బాపాలకు అగు ఖర్చు పంపు ఖర్చును మించిపోవును. పంపు వెలను రూపాయలతోపాటు నిమిషములలోను చూచుకొనవలెనని నేను పట్టుబట్టుట ఇందుకే.

అంగడిలో మొదట కంటబడునది రబ్బరు బుడ్డి గల గాజుపంపు. నూరు, రెండువందల రూపాయలకు ఏ మందుల దుకాణములోనైనను దొరకును. దానిని కొనవద్దు. బుడ్డిని నొక్కి విడిచినప్పుడు ఎంత బలముగా లాగుచున్నదో మన అదుపులో నుండదు. పైగా పాలు బుడ్డిలోనికి పోయి అచటనే నిలిచి పులియును, ఆ బుడ్డి లోపలి భాగమును శుభ్రపరచుట గాని ఆరబెట్టుట గాని అలవి కాదు. వస్తువు ఉచితముగా వచ్చినను నా సలహా ఇదియే. బిడ్డ ఒక వైపు త్రాగుచుండగా రెండవ వైపు కారిపోవు పాలను పట్టుకొను సిలికోన్ గిన్నె ఒకటి వచ్చినది. ఇంటివద్ద నిలువ కూడబెట్టుటకు అది బాగున్నదే గాని ఆఫీసులో దానిమీదనే ఆధారపడరాదు. రవికలోపల ఇముడు తీగలేని పంపులు చూచుటకు ముచ్చటగా నుండును. మితమైన జీతము గల తల్లికి వాని ధర తగదు.

చేతిపిడి గల పంపును మాత్రము నేను మనసారా మెచ్చుకొందును. మన అంగళ్లలో ఇంచుమించు ఐదువందలనుండి రెండువేల రూపాయలలోపున దొరకును. పిడిని ఎంత నొక్కిన అంతే లాగును గనుక బిగువు పూర్తిగా తల్లి చేతిలోనుండును. చప్పుడు లేదు, విద్యుత్తుతో పనిలేదు, విడదీసి ప్రతి భాగమును మరిగించుకొనవచ్చును. మొదట పొట్టిపొట్టిగా చకచక నొక్కి, చేపు వచ్చిన పిమ్మట నిదానముగా దీర్ఘముగా నొక్కుట అలవడినచో మంచి ఫలితమిచ్చును. దీని లోపము ఒకటే, మణికట్టు నొప్పి. దినమునకు ఒకటి రెండుసార్లు పిండువారికి ఇది బాధింపదు. నాలుగుసార్లు పిండువారిని బాధించును.

కరెంటు పంపు కొనదలచినవారు పెట్టెమీది అంకెలను చూచి మోసపోరాదు. ‘మా పంపు పాదరసమానమున 300 మిల్లీమీటర్లు లాగును, 350 లాగును’ అని వ్రాసియుండును. 1956లో స్వీడన్ దేశపు ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించి, పాదరసమానమున 200 మిల్లీమీటర్ల పరిమితిలో, లాగుట విడుచుట ఒక లయలో జరుగునట్లు యంత్రమును కూర్చెను. లాగుబలము హద్దుమీరినచో చనుమొన కణజాలము గాయపడునని ఆయన గుర్తించెను. ఆసుపత్రులలోని యంత్రములు నేటికిని ఇంచుమించు ఆ మార్గముననే నడచుచున్నవి. నొప్పి కలుగనంతవరకు బిగువు పెంచి, నొప్పి తోచినంతనే ఒక మెట్టు దించుట, అదియే మీకు తగిన బలము. నొప్పి యున్నచోట చేపు నిలువదు గనుక ఓర్చుకొని లాగించుటవలన పాలు తగ్గుటయే గాని పెరుగుట లేదు.

బలముకంటె ముఖ్యమైనది చన్నునకు ఆనించు గరాటు కొలత. పంపుతోపాటు సాధారణముగా 24 మిల్లీమీటర్ల గరాటు వచ్చును. అందరికిని అది సరిపడదు. చనుమొన అడుగుభాగపు వెడల్పును చిన్న స్కేలుతో కొలుచుకొని, దానికంటె రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ గల గరాటును ఎంచుకొనవలెను. చనుమొన గొట్టపు గోడలను ఒరసికొని తెల్లబారుచున్నచో గరాటు చిన్నది. చుట్టునున్న నల్లని భాగము కూడ లోనికి ఈడ్వబడుచున్నచో పెద్దది. పెద్ద గరాటులో అమర్చుకొనుటకు సిలికోన్ వలయములు కొద్ది ధరకే దొరకుచున్నవి. ‘ఈ పంపు నాకు పనిచేయలేదు’ అని మూలనుంచిన పంపులలో కొన్ని ఈ వలయముతో పనిచేయును.

రెండవది వాల్వు. బాతుముక్కు ఆకారమున నుండు ఆ సిలికోన్ ముక్క మెత్తబడి సాగినచో మోటారు ఎంత చప్పుడు చేసినను లాగుబలము పడిపోవును. తరచు వాడువారికి కొన్ని నెలలకొకసారి దానిని మార్చవలసివచ్చును. కావున కొనుటకు ముందే దుకాణదారుని సూటిగా అడుగుడు: ఈ పంపునకు వాల్వులు, గరాటులు విడిగా దొరకునా, ఎంతకు దొరకును? సమాధానము లేని పంపు ఎంత చవకైనను వదలుకొనుడు. మూడవది, పాలకును మోటారుకును నడుమ అడ్డుపొర యున్నదా అనునది. అది లేనిచో పాల తుంపరలును ఆవిరియు గొట్టములోనికి, మోటారులోనికి పోవును. మన కోస్తా జిల్లాల వానకాలపు తేమలో అచట బూజు పట్టుటకు ఎంతో కాలము పట్టదు. చార్జి చేసికొను బ్యాటరీ యున్నచో కరెంటు కోతల బాధ తప్పును. ఈ గుణములు గల, ఒక వైపు తీయు కరెంటు పంపు మన దేశపు తయారీలో రెండు మూడు వేల రూపాయలకును, రెండు వైపులు తీయునది అంతకు కొంత హెచ్చుకును దొరకుట కష్టము కాదు. మొదటి కాన్పునకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన క్రింద వచ్చు 5000 రూపాయలను మొత్తముగా ఒక యంత్రముపై పోయవలసిన అగత్యము ఎవరికిని లేదు. అందులో తల్లి తిండికి కావలసినది మిగిలియుండవలెను.

మన ఇండ్లలో అక్క వాడిన పంపును చెల్లెలికిచ్చుట ఆప్యాయతతో జరుగుచుండును. చేతిపంపైనచో మరిగించి, వాల్వును సిలికోన్ భాగములను క్రొత్తవి వేసికొని వాడుకొనవచ్చును. అడ్డుపొర లేని కరెంటు పంపును మాత్రము పుచ్చుకొనరాదు. మోటారులోపల చేరిన పాలను ఎవరును కడుగజాలరు. నెలలు నిండక పుట్టి ఆసుపత్రిలో నుంచబడిన బిడ్డల తల్లులకు రాత్రింబగళ్లు పిండవలసివచ్చును గనుక, వారు పెద్ద నగరములలో అద్దెకు దొరకు ఆసుపత్రి తరగతి పంపును గూర్చి విచారించుట మంచిది. 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పిన తల్లిపాల నిధివంటివి నేడు మన హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలోను కలవు. అట్టి చోట్ల పిండుటను నేర్పు సిబ్బందియు ఉందురు.

పిండిన పాలను దాచుటలో మన ఎండలను మరువరాదు. 25 డిగ్రీల చల్లదనమున నాలుగు గంటలు నిలువయుండునని గ్రంథములు చెప్పును. విజయవాడలో మే నెలలో ఆ లెక్క చెల్లదు. ఆఫీసులో ఫ్రిజ్ లేనిచో గడ్డకట్టిన ఐసుప్యాకులుంచిన సంచిలో పెట్టినచో 24 గంటలవరకు చెడవు. ఇంటి ఫ్రిజ్ లోపలి భాగమున, తలుపు అరలో కాక, నాలుగు దినములుండును. ఒంటితలుపు ఫ్రిజ్‌లోని ఐసు అరలో రెండు వారములు. దాచిన పాలపై మీగడ తేలినచో విరిగినవనుకొనరాదు. గిన్నెను మెల్లగా త్రిప్పిన కలిసిపోవును. అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక విన్నపము: ఈ పాలను పొయ్యిమీద కాచవద్దు. గిన్నెను వేడినీటిలో కొంతసేపు నిలిపి గోరువెచ్చన చేసినచాలును. బిడ్డ త్రాగగా మిగిలినవి రెండు గంటలు దాటినచో పారబోయవలెను. పాలపీక వద్దు, మీ చేతికి అలవాటైన ఉగ్గుగిన్నెయే మేలు. దానిని ఒక్క నిమిషములో తోమి మరిగించుకొనవచ్చును, బిడ్డయు చన్ను పట్టుట మరువదు. పంపు భాగములను కూడ సింకులో పడవేయక, వానికని వేరుగా ఉంచిన పళ్లెములో సబ్బునీటితో కడిగి, దినమునకొకసారి ఐదు నిమిషములు మరిగించి, గాలికి ఆరనీయవలెను.

ఇప్పుడు యజమానులతో రెండు మాటలు. బిడ్డకు పదునైదు నెలలు నిండువరకు పాలిచ్చుటకై దినమునకు రెండు అదనపు విరామములు ఇవ్వవలెనని 1961 చట్టమే చెప్పినది. 50 మందియో అంతకు మించియో పనిచేయుచోట శిశుసంరక్షణాలయము ఉండవలెనని, తల్లి అచటికి దినమునకు నాలుగుసార్లు పోవచ్చునని 2017 సవరణ చెప్పినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు వీనిని నిలిపియుంచినది. పదిమందే పనిచేయు చిన్న దుకాణములో సైతము లోపలినుండి గడియపెట్టుకొను ఒక మూల, ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, చేతులు కడుగుకొనుటకు నీరు కల్పింపవచ్చును. మరుగుదొడ్డిలో కూర్చుండి పిండుకొనుమనుట అమానుషము. మీరు భుజించు ఆహారమును అచట వండించుకొందురా అని అడుగుచున్నాను. తలుపు ఎవరు తట్టుదురో అను భయములో చేపు రాదని ముందే చెప్పితిని. ఇరువది నిమిషముల నెమ్మది లేనిచోట పదివేల పంపును వ్యర్థమే. సోదరీమణులు ఈ గదిమాట పనిలో చేరిన పిమ్మట కాక, చేరుటకు నెలముందే వ్రాతమూలకముగా అడుగుట మంచిది.

పంపును గర్భిణిగా నున్నప్పుడే కొని పెట్టుకొనవద్దు. పాలు స్థిరపడి, చనుమొన కొలత తెలిసి, పనివేళలు తేలిన తరువాత, సెలవు ముగియుటకు రెండు మూడు వారముల ముందు కొనినచో చాలును. ఉదయము బిడ్డ తొలిసారి త్రాగిన అరగంటకు ఒకమారు పిండి చూచుకొనుచు, ఆ పాలనే ఉగ్గుగిన్నెతో ఇంటివారిచేత పట్టించి బిడ్డకు అలవాటు చేయవలెను. వీలున్నచో పనిలో చేరు దినమును సోమవారముగా కాక గురువారముగా కోరుకొనుడు. రెండు మూడు దినములకే ఆదివారము వచ్చును. ఏ వేళ పాలు చాలలేదో, సంచిలో ఐసు ఎన్ని గంటలు నిలిచినదో, గరాటు ఎచట ఒరసినదో చూచుకొని, కావలసిన మార్పు చేసికొని, మరల సోమవారము బయలుదేరవచ్చును.